ఒకే కొండ మీద మొక్కల లెక్కలు కలవకపోతే ఏం చూడాలి?

కొండ అడవుల్లో మొక్కల సర్వే చేసేవాళ్లకు తరచూ ఎదురయ్యే తలనొప్పి ఇది. ఎత్తు ఒకటే, వానా ఒకటే, అయినా పక్కపక్క ప్లాట్లలో (సర్వే కోసం కొలిచి గుర్తుపెట్టుకున్న నేల ముక్కల్లో) జాతుల జాబితాలు అస్సలు కలవవు. వెంటనే నరికివేత మీదో, మంటల మీదో నెపం వేసేస్తారు. అవీ కారణం కావచ్చు, కానీ ముందు వాలునీ మట్టినీ చూడాలి.

సమస్య: ఒక వాలున దట్టమైన అడవి, ఎదురు వాలున పొదలూ గడ్డీ

కారణం: చాలాసార్లు ఎండే. ఉత్తరార్ధగోళంలో దక్షిణానికి తిరిగిన వాలుకు ఎండ ఎక్కువ, తేమ త్వరగా ఆరిపోతుంది. దక్షిణార్ధగోళంలో ఇది తలకిందులు. పడమటి వాలు మీద ఎండ పడేది మధ్యాహ్నం, గాలి అప్పటికే వేడెక్కి ఉంటుంది. అందుకే అది తూర్పు వాలు కంటే పొడిగా ఉంటుంది. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ ఉత్తర దక్షిణాల తేడా తగ్గుతుంది. అక్కడ వాన మోసుకొచ్చే గాలి ఎటు నుంచి వీస్తోందో చూడాలి.

పరిష్కారం: ప్రతి ప్లాటులో వాలు ఎటు తిరిగి ఉందో దిక్సూచితో డిగ్రీల్లో రాసుకోండి. విశ్లేషణలో మాత్రం ఆ డిగ్రీలను నేరుగా వాడకండి. 1, 359 దాదాపు ఒకే దిక్కు, అంకెల్లో చూస్తే ఆమడ దూరం. సైన్, కొసైన్ విలువలుగా మార్చుకోవాలి.

సమస్య: పైన చెట్లు గిడసబారి ఉన్నాయి, కిందికి దిగేకొద్దీ జాతులు పెరుగుతున్నాయి

కారణం: మట్టి లోతు. వాననీరు సన్నమట్టిని, పోషకాలను కిందికి కొట్టుకొస్తుంది. పైన జానెడు లోతులోనే రాయి తగలొచ్చు, కొండ పాదం దగ్గర మీటరు దిగినా తగలకపోవచ్చు. పైన గాలి దెబ్బ అదనం.

పరిష్కారం: ఇనుప కడ్డీ దించి చూడండి, అదీ ప్లాటుకు ఐదారు చోట్ల. రాతి పగుళ్లలో మట్టి ఉంటుంది, అడుగు దూరంలో ఉండదు. పెద్ద చెట్ల వేళ్లు ఆ పగుళ్లను పట్టుకునే దిగుతాయి కాబట్టి సగటు ఒక్కటే రాస్తే అసలు సంగతి పోతుంది.

సమస్య: సారమున్న మట్టిలో జాతులు తక్కువ

మట్టి పరీక్ష చేసిన ల్యాబ్ రిపోర్టు తప్పనుకోకండి. సారం ఎక్కువైనచోట వేగంగా పెరిగే నాలుగైదు జాతులు వెలుతురంతా లాక్కుని మిగతావాటిని నీడలోకి నెట్టేస్తాయి. పేద మట్టిలో దేనికీ అంత పైచేయి దొరకదు. సర్పెంటైన్ రాతి నేలల్లో కాల్షియం తక్కువ, మెగ్నీషియం, నికెల్ ఎక్కువ. అయినా పసిఫిక్ మహాసముద్రంలోని న్యూ కలెడోనియా దీవుల్లో అలాంటి నేలల మీద మరెక్కడా లేని మొక్కలు వందల్లో ఉన్నాయి. కాబట్టి నత్రజని, భాస్వరంతో పాటు నేల మీద పడే వెలుతురునూ కొలవండి. వైవిధ్యం పెరుగుతుందని అడవిలో ఎరువో సున్నమో చల్లడం మాత్రం శుద్ధ తప్పు.

సమస్య: లోయ అడుగున నాటిన మొక్కలే మాడిపోయాయి

గాలి లేని, మబ్బు లేని రాత్రి చల్లగాలి బరువెక్కి పల్లానికి జారి అక్కడే నిలుస్తుంది. వాలు మధ్యలో లేని మంచు దెబ్బ అడుగున తగులుతుంది. సున్నితమైన జాతులను కాస్త పైకి నాటండి.

సమస్య: నిటారు వాలు ప్లాట్లలో ఎప్పుడూ జాతులు తక్కువే

ఇక్కడ తప్పు టేపుది కావచ్చు. 30 డిగ్రీల వాలు మీద నేల వెంబడి 20 మీటర్లు కొలిస్తే సమతలంలో అది 17.3 మీటర్లే. 400 చదరపు మీటర్లనుకున్న ప్లాటు 346 దగ్గరే ఆగిపోతుంది. స్థలం తగ్గితే జాతులూ తగ్గుతాయి. వాలు వెంబడి 23.1 మీటర్లు కొలిచి, ఆ తర్వాత పోల్చండి.