డబ్బా నడిమధ్య తెగట్లేదా? నా అనుభవం

సీమంతం రిటర్న్ గిఫ్టులకి పేపర్ డబ్బాలు చేద్దామని కూర్చున్నా. చేత్తో తిప్పే డై కటింగ్ మెషిన్, 250 జీఎస్ఎం (కాస్త మందపాటి) కార్డు. డై అంటే పదునైన అంచున్న లోహపు అచ్చు; దాన్నీ కార్డునీ రెండు ప్లాస్టిక్ ప్లేట్ల మధ్య పెట్టి హ్యాండిల్ తిప్పితే కార్డు ఆ ఆకారంలో తెగుతుంది. అంచులు శుభ్రంగా తెగుతున్నాయి, నడిమధ్య మాత్రం పట్టుకునే ఉంటోంది, లాగితే చిరుగు. రెండుసార్లు తిప్పా, డైని ఏటవాలుగా పెట్టా, పల్చటి కార్డు వాడా. లాభం లేదు.

చివరికి పని చేసింది మామూలు ఏ4 కాగితం. ముందు వంగిపోయిన ప్లాస్టిక్ ప్లేట్లని తిరగేశా. అక్కడ ఒత్తిడి పెరగాలని, తెగని చోటుకి సరిపడా కాగితం ముక్క కత్తిరించి పై ప్లేటు వీపు మీద మాస్కింగ్ టేపుతో అంటించా. తిప్పితే ఇంకా రెండుచోట్ల పట్టుకుంది. దాని మీద కాస్త చిన్న ముక్క ఇంకొకటి. ఈసారి డబ్బా టక్కున ఊడొచ్చింది! మూడోది వేయబోయి ఆగా, హ్యాండిల్ అప్పటికే బిగుసుకుంటోంది.

నా ప్లేట్లు పాతవి, అందుకే కుదిరిందేమో. డై అంచే మొద్దుబారితే ఇది పనికొస్తుందని చెప్పలేను. గ్లిటర్ కార్డు మీద ఇంకా చూడలేదు.