ఎర్రగా పండే చెట్టు మన పెరట్లోనే

సంక్రాంతి దాటాక శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని బారువ వైపు వస్తే, పెరళ్లలో పండిన ఆకులతో ఎర్రగా, నారింజరంగులో మెరిసేవి బాదం చెట్లే. నేను మొదట చలిదేశాల్లో ఆకులు ఎర్రబడే మేపుల్ చెట్టు మీద మోజుపడి ఒక నర్సరీలో రెండు మొక్కలు కొన్నాను. ఏప్రిల్ ఎండకే మాడిపోయాయి. వాటికి గడ్డకట్టే చలికాలం కావాలి, ఉద్దానంలో అది ఎక్కడ దొరుకుతుంది?

బాదాన్ని దూరం నుంచే పోల్చుకోవచ్చు. కొమ్మలు గొడుగు ఊచల్లా అడ్డంగా, అంతస్తులుగా చాచుకుంటాయి. ఆకు తొడిమ దగ్గర సన్నం, కొసన వెడల్పు. మా అమ్మ విస్తళ్లు కుట్టింది ఈ ఆకులతోనే. కొట్లో అమ్మే బాదంపప్పు వేరే చెట్టుది.

ఒక చెట్టు ఎర్రబడుతుంది, పక్కది పసుపుగానే రాలిపోతుంది. ఎందుకో నాకు తిత్లీ తుఫాను తర్వాతే తెలిసింది. మా బాదం కొబ్బరి నీడలో ఏటా పసుపుగానే పండేది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుఫాను ఏడు కొబ్బరిచెట్లను కూల్చేసింది. బాదానికి ఒకవైపు కొమ్మలు విరిగాయి గానీ మాను నిలిచింది. మరుసటి ఏడు చలికాలం, నేరుగా ఎండ తగిలి ఆకులు కుంకుమలా పండాయి. ఆకులో పచ్చదనం పోతుంటే, ముందే దాగి ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం అప్పటికప్పుడు తయారవ్వాలి, దానికి వెలుతురు కావాలి. ఆ ఎరుపు చూసినప్పుడల్లా నాకు పోయిన ఏడు చెట్లూ గుర్తొస్తాయి.

మీరూ బాదం పెంచాలనుకుంటే, గబ్బిలాలు గుజ్జు తిని పడేసిన కాయలు ఏరుకోండి. పగలగొట్టొద్దు. ఒక రాత్రి నానబెట్టి, ఇసుక, ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపిన సంచిలో వేలెడు లోతున పెట్టండి. నెల, నెలన్నరలో మొలుస్తుంది. ఆషాఢం వానలకు రెండడుగుల గుంతలో నాటండి. ఇంటి గోడకు కనీసం 20 అడుగుల దూరం ఉండాలి, వేళ్లు గచ్చును లేపేస్తాయి. మొదటి రెండు వేసవులు తప్పకుండా నీళ్లు పొయ్యండి. తల మాత్రం తుంచొద్దు, అంతస్తుల అందం పోతుంది.

ఊదా పూల వరగోగు కూడా ఆకు రాల్చేముందు ఎర్రబడుతుంది, కానీ మా ఇసుక నేలకు బాదమే నయం.

రాలిన ఆకులు తగలబెట్టకండి. నేను కొత్త కొబ్బరి మొక్కల పాదుల్లో పరుస్తాను. ఈసారి ఆ కొబ్బరి మొక్కలను బాదానికి ఉత్తరం వైపు, 30 అడుగుల ఎడంగా పెట్టాను. చలికాలం ఎండ దక్షిణం నుంచే కదా వస్తుంది.