జేబు ఫిల్మ్ కెమెరా ఫోకస్‌ను ఎలా పరీక్షించాలి?

పాత జేబు కెమెరా కొనుక్కుని, ఒక రోల్ తీసి, సగం ఫొటోలు మసగ్గా రాగానే "లెన్స్ బాగోలేదు" అని తేల్చేస్తారు. అలా పక్కన పెట్టేసిన కెమెరాలు నా చేతికి చాలానే వచ్చాయి. చాలాసార్లు లెన్స్‌కు ఏమీ కాలేదు, దూరం దగ్గరే తేడా వచ్చింది. అందుకే రెండు కెమెరాలను పోల్చాలంటే లెన్స్ పేరు పక్కన పెట్టి, అవి దూరాన్ని ఎలా పట్టుకుంటాయో, సరిగ్గా పట్టుకుంటున్నాయో లేదో ముందు చూడండి.

మీ కెమెరా ఏ రకం?

స్కేలు రకంలో లెన్స్ చుట్టూ మీటర్లు, అడుగులు రాసి ఉంటాయి. దూరం మీరే అంచనా వేసి తిప్పాలి. 1966 నాటి రోలై 35, 1974 నాటి మినాక్స్ 35 ఈఎల్ ఇలాంటివి. బొమ్మల రకంలో అంకెల బదులు తల, మనుషులు, కొండ గుర్తులుంటాయి. ఒలింపస్ ట్రిప్ 35, ఎక్స్‌ఏ2, లోమో ఎల్‌సీ-ఏ ఈ కోవవే. ఎక్స్‌ఏ2 మూత మూసిన ప్రతిసారీ గుర్తు మధ్యకు వచ్చేస్తుంది. ఇది తెలియక దగ్గరి ఫొటోలు పాడుచేసుకుంటారు.

రేంజ్‌ఫైండర్ రకంలో వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) మధ్యలో కనిపించే రెండు బొమ్మలను ఒకటి చేయాలి. దీనికి 1979లో వచ్చిన ఒలింపస్ ఎక్స్‌ఏ మంచి ఉదాహరణ. ఇక ఆటోఫోకస్. 1977లో కోనికా సీ35 ఏఎఫ్‌తో ఇది మామూలు జనం చేతికి వచ్చింది. అది రెండు కిటికీల్లోంచి వచ్చే బొమ్మలను పోల్చి దూరం కడుతుంది. 1979 నాటి కానన్ ఏఎఫ్35ఎం అయితే ఇన్‌ఫ్రారెడ్ కిరణం పంపి, అది తిరిగొచ్చే కోణాన్ని బట్టి దూరం తెలుసుకుంటుంది.

వీటిలో రేంజ్‌ఫైండరే మేలని ఎక్కువమంది చెబుతారు. జేబు కెమెరా విషయంలో నేను ఒప్పుకోను. రేంజ్‌ఫైండర్ కచ్చితత్వం దాని రెండు కిటికీల మధ్య ఎడాన్ని బట్టి ఉంటుంది. ఇంత చిన్న కెమెరాలో ఆ ఎడం ఎంతని ఉంటుంది? పైగా వ్యూఫైండర్ మధ్యలో రెండో బొమ్మ కనిపించే మచ్చ ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతుంది. స్కేలుకు ఆ బాధ లేదు. 40 ఎంఎం లెన్స్‌ను ఎఫ్8 దగ్గర (అంటే ఎపర్చర్ అనే వెలుగు వచ్చే రంధ్రాన్ని చిన్నగా ఉంచి), 3 మీటర్లకు పెట్టారంటే సుమారు 2 మీటర్ల నుంచి 5 మీటర్లు దాటేదాకా అంతా స్పష్టంగా వస్తుంది. పగటి వెలుగులో వేలు కదపక్కర్లేదు. దగ్గరికి వెళ్లినప్పుడే జాగ్రత్త కావాలి, దానికి మీ బార ఎంతో కొలిచి పెట్టుకోండి. చేతులు బార్లా చాపితే ఇంచుమించు మీ ఎత్తంత ఉంటుంది. ఎదుటి మనిషి ఒక బార దూరంలో ఉన్నాడా, బారన్నరలో ఉన్నాడా అన్నది వారం రోజులు సాధన చేస్తే కంటికి అలవాటైపోతుంది.

కావలసినవి

ట్రైపాడ్, కేబుల్ రిలీజ్ (షట్టర్‌ను దూరం నుంచి నొక్కే తీగ), టేపు, భూతద్దం, నల్లగుడ్డ. భూతద్దం లేకపోతే 50 ఎంఎం లెన్స్‌ను తిరగేసి కంటికి పెట్టుకున్నా చాలు. వీటితో పాటు, ఫిల్మ్ ఉండే చోట పెట్టి బొమ్మ చూడడానికి ఒక మసక పలక కావాలి. దాన్ని మీరే చేసుకోవాలి.

పాత సీడీ పెట్టె మూతలోంచి 34 ఎంఎం వెడల్పు, 50 ఎంఎం పొడవు ముక్క కోయండి. 600 నంబరు నీటి శాండ్‌పేపర్‌ను చదునైన అద్దం మీద పరిచి, ముక్కకు ఒక్క వైపే గుండ్రంగా రుద్దండి. పాల రంగు సమంగా వస్తే చాలు.

అసలు కష్టం ఇక్కడే

కెమెరాలో ఫిల్మ్ లేదని చూసుకుని వెనక తలుపు తెరవండి. రోలై 35కు వెనక భాగం మొత్తం ఊడి వస్తుంది. దాని లెన్స్‌ను పూర్తిగా బయటికి లాగి, తిప్పి బిగించండి. తర్వాత లోపలికి తోసేముందు ఫిల్మ్ లివర్ తిప్పి ఉండాలి. తిప్పకుండా బలవంతం చేశారో, లోపల విరుగుతుంది.

ఫ్రేమ్ కిటికీకి పైనా కిందా రెండేసి పట్టాలు కనిపిస్తాయి. కిటికీని ఆనుకుని ఉన్నవి లోపలి పట్టాలు, ఫిల్మ్ ఆనేది వాటి మీదే. వాటికి బయట కాస్త ఎత్తుగా ఇంకో జత ఉంటుంది, ఫిల్మ్‌ను నొక్కిపట్టే పలక దాని మీద ఆనుతుంది. మన మసక పలక కూర్చోవలసింది లోపలి పట్టాల మీద. బయటి పట్టాల మీద కానే కాదు.

ఎత్తులో తేడా సుమారు 0.2 ఎంఎం, కాగితమంత. "అంత చిన్నదానికి ఏమవుతుంది" అనుకుంటారు. 40 ఎంఎం లెన్స్ అనంతం గుర్తు (∞, బాగా దూరపు వస్తువులకు పెట్టేది) దగ్గర ఉండగా పలక 0.2 ఎంఎం వెనక్కి జరిగితే, అనంతం మసకబారి, 8 మీటర్ల దూరంలోని వస్తువు స్పష్టంగా కనిపిస్తుంది. అంటే ఏ దోషమూ లేని కెమెరా చెడిపోయినట్టు కనిపిస్తుంది. తొలి రోజుల్లో నేను చేసిన తప్పు ఇదే. పలకను బయటి పట్టాల మీద పెట్టి, లెన్స్ తప్పని నమ్మి, రింగు ఊడదీసి "సరిచేశాను". రోల్ మొత్తం పోయాక గాని ఏం చేశానో అర్థం కాలేదు.

కాబట్టి పలక పెట్టాక వేలిగోటితో అంచు తడమండి. అది బయటి పట్టాల మధ్య దిగి ఉండాలి, పైకీ కిందికీ జారకూడదు. పట్టకపోతే వెడల్పు ఇంకొంచెం అరగదీయండి. రుద్దిన వైపు లెన్స్‌కేసి ఉండాలి, ఎందుకంటే ఫిల్మ్ మందు పూత కూడా అటే ఉంటుంది. తిరగేసి పెడితే ప్లాస్టిక్ మందమంతా లెక్కలో చేరిపోతుంది. పలకను రెండు చివర్లా చిన్న టేపు ముక్కలతో బిగించండి, షట్టర్ రెక్కలకు మాత్రం జిగురు తగలనివ్వకండి.

పలక బదులు మసక టేపునే కిటికీ మీద అతికించే పద్ధతి చాలాచోట్ల చెబుతారు. వద్దు. టేపు మధ్యలో వంగుతుంది. ఎంత బిగుతుగా లాగినా వేలు తగిలితే కుంగుతుంది. మనం వెతుకుతున్న తేడాయే ఎంఎంలో పదో వంతు.

ఇప్పుడు ఎపర్చర్ పూర్తిగా తెరిచి, షట్టర్‌ను బీ (నొక్కినంతసేపు తెరిచే ఉండే సెట్టింగ్) దగ్గర పెట్టి, కేబుల్ రిలీజ్‌తో తెరిచి బిగించండి. ఎపర్చర్ మూసి పరీక్షిస్తే తప్పులన్నీ దాక్కుంటాయి. ఫిల్మ్ లేనప్పుడు కొన్ని కెమెరాల్లో షట్టర్ ఎక్కదు, ఫిల్మ్ రంధ్రాల్లో పట్టే పళ్ల చక్రాన్ని వేలితో తిప్పి ఎక్కించాలి. ఎక్స్‌ఏలో బీ లేదు. వెలుగు కొలిచే దాని మీటర్ కిటికీని వేలితో మూస్తే షట్టర్ కొన్ని సెకన్లు తెరిచే ఉంటుంది. ట్రిప్ 35కు బీ లేదు, దాన్ని ఫిల్మ్‌తోనే పరీక్షించాలి.

మొదట 100 మీటర్లకు మించిన దూరంలో ఆకాశం మీద నల్లగా కనిపించే టవరో స్తంభమో చూడండి. నల్లగుడ్డ కప్పుకుని, భూతద్దం పలకకు ఆనించి, స్కేలు వైపు చూడకుండా తిప్పండి. బొమ్మ తలకిందులుగా ఉంటుంది, కంగారు పడకండి. బాగా స్పష్టంగా ఉన్న చోట ఆపి, అప్పుడు స్కేలు చదవండి. ఒకసారి ఇటునుంచి, ఒకసారి అటునుంచి, అలా ఐదుసార్లు చేసి అన్నీ రాసుకోండి. స్కేలు చూస్తూ తిప్పితే కన్ను అనంతం గుర్తు దగ్గరే ఆగుతుంది, స్పష్టత ఎక్కడుందో పట్టించుకోదు.

అనంతం కుదిరింది కదా అని వదిలేయకండి. టేపుతో ఫిల్మ్ ఉండే చోటు నుంచి, అంటే కెమెరా వెనక నుంచి, సరిగ్గా 1.5 మీటర్లు కొలిచి, గోడకు వార్తాపత్రిక అతికించి మళ్లీ ఐదుసార్లు చేయండి. చిన్న అక్షరాల అంచులు పదునుగా కనిపించాలి. ఎఫ్3.5 దగ్గర 40 ఎంఎం లెన్స్‌కు ఈ దూరంలో ముందు 13, వెనక 16 సెంటీమీటర్ల దాకా వెసులుబాటు ఉంటుంది. స్కేలు 1.4 నుంచి 1.6 లోపు చూపిస్తే కెమెరా బాగున్నట్టే.

మిగతావి

రేంజ్‌ఫైండర్ ఉంటే అదే స్తంభం, అదే పత్రిక దగ్గర రెండు బొమ్మలూ కలుస్తున్నాయో చూడండి. నిలువుగా కొంచెం ఎడంగా ఉన్నా ఫోకస్‌కు నష్టం లేదు. అడ్డంగా ఉంటేనే తప్పు. మచ్చ వెలిసిపోయి ఉంటే, వ్యూఫైండర్ ముందు అద్దం మధ్యలో చిన్న నల్లటేపు ముక్క అతికించండి. మచ్చ వెంటనే తేలి కనిపిస్తుంది.

ఆటోఫోకస్ కెమెరాకు మసక పలక అక్కర్లేదు, రోల్ వేయాల్సిందే. డబ్బాలను 10 సెంటీమీటర్ల తేడాతో ఏటవాలుగా వరుసలో పెట్టి, మధ్యదానికి గురిపెట్టి తీయండి. ఇన్‌ఫ్రారెడ్ రకమైతే నల్లటి గుడ్డ, కిటికీ అద్దం ముందు విడిగా ఒక్కొక్కటి తీయండి. నలుపు ఆ కిరణాన్ని మింగేస్తుంది, అద్దం పక్కదారి పట్టిస్తుంది. బొమ్మలు పోల్చే రకమైతే గీతల్లేని తెల్లగోడ ముందు, చీకట్లో తీసి చూడండి. ఇలా తీశాక ఏ కెమెరా ఎక్కడ తడబడుతుందో తెలిసిపోతుంది.

తేడా కనిపిస్తే కారణం తరచూ ఒకటే. లెన్స్‌లోని ముందు అద్దం తిరిగి ఫోకస్ అయ్యే కెమెరాల్లో, ట్రిప్ 35తో సహా, ఎవరో శుభ్రం చేయడానికి ఆ అద్దం విప్పి, మరను వేరే చోట పట్టించి బిగించి ఉంటారు. సరిచేయాలనుకుంటే ఏ స్క్రూ వదులు చేసేముందైనా రింగు, అద్దం, బాడీ మూడింటి మీదుగా సూదితో సన్నని గీత గీయండి. ఆ గీత లేకుండా తెరవకండి. పలక మీద అనంతం కుదిరేదాకా అద్దాన్ని తిప్పి, రింగును అనంతం గుర్తు దగ్గర పెట్టి బిగించండి.

విప్పే ధైర్యం లేకపోతే విప్పకండి. మీరు రాసుకున్న అంకెల్లోంచి తేడా తీసి, "1.5కి 1.7 పెట్టాలి" అని చిన్న కాగితం మీద రాసి కెమెరా వెనక అతికించండి.