కొత్త దేశంలో మొదటి వారం: ల్యాప్‌టాప్ పోకముందే చేసుకోవాల్సిన పనులు

నేను విదేశానికి వచ్చిన రెండో నెలలో మా రూమ్మేట్ ల్యాప్‌టాప్ లైబ్రరీలో పోయింది. నీళ్ల బాటిల్ నింపుకొద్దామని లేచాడు, అంతే. తిరిగొచ్చేసరికి కుర్చీకి తగిలించిన కోటు అలాగే ఉంది, తెరిచిన పుస్తకం అలాగే ఉంది. ఛార్జర్ వైరు టేబుల్ మీద పడి ఉంది, దాని కొస దగ్గర చిన్న లైటు ఇంకా వెలుగుతోంది. ల్యాప్‌టాప్ మాత్రం లేదు.

పోలీసుల దగ్గరికి నేనూ తోడు వెళ్లాను. సీరియల్ నంబర్ చెప్పమన్నారు. వాడికి తెలియదు. బిల్లు మెయిల్లో ఉంది, ఆ మెయిల్ పాస్‌వర్డ్ ల్యాప్‌టాప్‌లోనే సేవ్ అయి ఉంది. వాడి ముఖం చూసిన ఆ రోజు నుంచి, కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకీ నేను ముందుగా చెప్పేది ఇదే: ఇల్లు సర్దుకునే వారంలోనే ఒక గంట ఈ పనికి కేటాయించండి. మనలాంటి వాళ్లకి ల్యాప్‌టాప్ అంటే వస్తువు ఒక్కటే కాదు. పాస్‌పోర్ట్ స్కాన్, వీసా కాగితాలు, సర్టిఫికెట్లు, అద్దె ఒప్పందం అన్నీ అందులోనే ఉంటాయి. అవి మళ్లీ తెప్పించుకోవాలంటే ఎంత తిరగాలో తిరిగినవాళ్లకే తెలుసు.

ముందు ల్యాప్‌టాప్‌ని బోర్లా తిప్పండి. అడుగున చీమ తలంత అక్షరాల్లో సీరియల్ నంబర్ ఉంటుంది. స్టిక్కర్ మీద ఉంటే కొన్నాళ్లకి అరిగిపోతుంది కూడా. ఇప్పుడే ఫోన్‌తో ఫొటో తీయండి. మ్యాక్ అయితే ఆపిల్ మెనూలో ‘అబౌట్ దిస్ మ్యాక్’ నొక్కినా కనిపిస్తుంది. ఆ ఫొటో, కొన్న బిల్లు రెండూ ఇంట్లోవాళ్లకి పంపి ఉంచండి. మీ ఫోన్ కూడా అదే బ్యాగులో పోతే అప్పుడు అక్కరకొచ్చేది వాళ్ల దగ్గరున్న కాపీయే.

ఇక చాలామంది పొరపడే చోటు. లాగిన్ పాస్‌వర్డ్ ఉంది కదా, లోపల ఏముందో ఎవరూ చూడలేరు అనుకుంటారు. ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేకుండా ఎవరూ చదవలేకుండా డేటాని మార్చి ఉంచే ఏర్పాటు, లేకపోతే ఆ పాస్‌వర్డ్ ఇంటి ముందు తలుపుకి తాళం లాంటిది మాత్రమే. పెరటి తలుపు బార్లా తెరిచే ఉంటుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే ఫైళ్లన్నీ కనిపిస్తాయి. అందుకని విండోస్‌లో ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ లేదా బిట్‌లాకర్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ ఆన్‌లో ఉన్నాయో లేదో సెట్టింగ్స్‌లో చూసుకోండి. ఆన్‌లో ఉంటే దొంగకి మీ డేటా చదవడానికి వీలుకాని గజిబిజిగానే దొరుకుతుంది. బిట్‌లాకర్‌కి 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసి పాస్‌పోర్ట్‌తో పాటు దాచుకోండి, ల్యాప్‌టాప్ బ్యాగులో మాత్రం పెట్టకండి. ఎప్పుడైనా మెషీన్ ఆ కీ అడిగితే, అది లేకుండా మీరు కూడా లోపలికి వెళ్లలేరు. ప్రయాణాల్లో స్లీప్‌లో పెట్టకుండా పూర్తిగా షట్‌డౌన్ చేయడం ఇంకా మంచిది.

బ్యాకప్ గురించి అందరికీ తెలుసు, చేసేవాళ్లే తక్కువ. క్లౌడ్‌లో ఒక కాపీ, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఒక కాపీ ఉంచండి. ఆ డిస్క్‌ని ల్యాప్‌టాప్ పక్కనే పెడితే రెండూ కలిసే పోతాయి.

పోయిన ల్యాప్‌టాప్ ఎక్కడుందో మ్యాప్‌లో చూపించే ‘ఫైండ్ మై డివైస్’ ఆన్ చేయడానికి రెండు నిమిషాలు చాలు. విండోస్‌లో ఇది మెషీన్ ఆన్‌లో ఉండి నెట్ అందినప్పుడే పనిచేస్తుంది, కాబట్టి దీని మీద పూర్తి భరోసా పెట్టుకోకండి. కొత్త మ్యాక్‌లలో ‘ఫైండ్ మై’తో పాటు యాక్టివేషన్ లాక్ కూడా వస్తుంది. అది ఉంటే డిస్క్ మొత్తం చెరిపేసినా మీ అకౌంట్ పాస్‌వర్డ్ లేకుండా మళ్లీ వాడుకోవడం కుదరదు.

బయట జాగ్రత్తల్లో నేను గట్టిగా పట్టుబట్టేది ఒక్కటే. లేస్తే ల్యాప్‌టాప్ కూడా మీతో లేవాలి, బాత్రూమ్‌కైనా సరే. పక్క టేబుల్ వాళ్లకి ‘కాస్త చూస్తుండండి’ అని అప్పజెప్పడం మనకి అలవాటే, కానీ వాళ్లెవరో మీకు తెలియదు, మీరెవరో వాళ్లకి తెలియదు. కారు సీటు మీద బ్యాగు కనపడేలా వదలకండి. డిక్కీలో పెట్టాల్సి వస్తే బయల్దేరే ముందే పెట్టండి, పార్కింగ్‌లో దిగాక పెడితే చూసేవాళ్లు చూస్తారు. కేబుల్ లాక్ షేరింగ్ రూముల్లో మంచిదే. కట్టర్ తెచ్చినవాణ్ని ఆపలేదు, చేతికందింది పట్టుకుపోయేవాణ్ని ఆపుతుంది. కొన్ని సన్నటి మోడళ్లకి ఆ లాక్ పట్టే రంధ్రమే ఉండదు, కొనేముందు చూసుకోండి. కొత్త ల్యాప్‌టాప్ పెట్టెని అలాగే వీధి చెత్త దగ్గర పెట్టకుండా చించి పడేయండి. లోపల ఏముందో బయటికి చాటడం ఎందుకు?

ఇన్ని చేసినా పోయిందనుకోండి. కాళ్లూ చేతులూ ఆడవు, తెలుసు. అయినా వెంటనే వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో ముందుగా మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, మిగతా అకౌంట్లన్నిటి తాళాలూ దాని చేతిలోనే ఉంటాయి. ‘అన్ని డివైస్‌ల నుంచి సైన్ అవుట్’ నొక్కండి. తర్వాత బ్యాంకు. పోయింది మ్యాక్ అయితే ‘ఫైండ్ మై’లో ‘లాస్ట్’ అని మార్క్ చేయండి, కానీ మీ అకౌంట్ లిస్టులోంచి తీసేయకండి. తీసేస్తే యాక్టివేషన్ లాక్ ఊడిపోతుంది. తీసేయమని లింకుతో మెసేజ్ వస్తే అది దొంగ పనే అనుకోండి.

పోలీసు రిపోర్ట్ కాపీ తప్పకుండా తీసుకోండి, ఇన్సూరెన్స్ ఉంటే సాధారణంగా అదే అడుగుతారు. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే అర్ధరాత్రి అయినా ఐటీ వాళ్లకి ఫోన్ చేయండి, తిడతారేమోనని తెల్లారేదాకా ఆగకండి. మ్యాప్‌లో చుక్క కనబడుతోంది కదా అని ఆ అడ్రసుకి మీరే వెళ్లకండి. ఆ స్క్రీన్‌షాట్ పోలీసులకి ఇవ్వండి.