అల్గారిథమ్ చిత్రకళ – మూడవ పాఠం: పాచికతో గీసే బొమ్మ

గత పాఠంలో గ్రాఫు కాగితం మీద 7 చుక్కలు, సందు చుక్క 4 వచ్చేవరకు పెట్టి మెలికల ముగ్గు వేశాము. సరిగా పెట్టినవారికి మొత్తం 37 చుక్కలు వచ్చి ఉండాలి. ధనుర్మాసంలో నెల్లూరు మూలాపేటలో మా మేనత్త ఇదే ముగ్గు వేస్తుండగా పక్కన కూర్చుని గమనించాను. ఆమె బొమ్మను ముందుగా మనసులో పెట్టుకుని వేయదు. గీత చుక్కను తాకకూడదు, ఏ చుక్కనూ వదలకూడదు, బయలుదేరిన చోటికే వచ్చి కలవాలి అన్న షరతులను వేళ్ళు పాటిస్తూ పోతే ముగ్గు దానంతట అదే తేలుతుంది. బొమ్మకు బదులు, బొమ్మను పుట్టించే నియమాన్ని తయారుచేయడమే అల్గారిథమ్ కళ. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో గిఫ్ట్ సిరొమొనీ, ఆయన సహచరులు 1970లలోనే తమిళుల కోలాలను వ్యాకరణ సూత్రాలుగా రాసి చూపారు కనుక ఈ పోలిక నా సొంత కల్పన కాదు.

ఈ పాఠంలో నియమానికి యాదృచ్ఛికతను జోడిద్దాము. జర్మనీకి చెందిన గియోర్గ్ నీస్ 1965లో స్టుట్‌గార్ట్‌లో కంప్యూటరు గీసిన బొమ్మలను ప్రదర్శించాడు. 1968 ప్రాంతంలో ఆయన చేసిన 'షాటర్' అనే బొమ్మలో వరుసకు 12 చొప్పున 22 వరుసల చతురస్రాలు ఉంటాయి. పైన బుద్ధిగా నిలబడినవి కిందికి దిగేకొద్దీ ఒరిగి, చెదిరి, చివరికి కుప్పపోసినట్టు అవుతాయి. షాటర్ అంటే కంకర.

దీన్ని కంప్యూటరు లేకుండా చేయవచ్చు. పాత శుభలేఖ అట్టలో 2 సెంటీమీటర్ల చతురస్రం కత్తిరించి, నడిమధ్యన గుండుసూది గుచ్చండి. ఏ4 కాగితం మీద వరుసకు 8 చొప్పున 12 వరుసల గళ్ళు గుర్తించి, ప్రతి గడి మధ్యలో సూదిని ఆనించి, అట్టను తిప్పి, చుట్టూ పెన్సిలుతో గీయాలి. ఎంత తిప్పాలో పాచిక చెబుతుంది: పడిన అంకెను, వరుస సంఖ్యలో ఒకటి తగ్గించగా వచ్చినదానితో గుణిస్తే అన్ని డిగ్రీలు. రూపాయి బిళ్ళ బొమ్మ పడితే కుడికి, బొరుసు పడితే ఎడమకు. మొదటి వరుసలో సున్నాతో గుణించాలి కనుక గళ్ళు కదలవు. ఎనిమిదవ వరుసలో ఆరు పడితే 42 డిగ్రీలు.

తొమ్మిదవ వరుసలో ఒక చిక్కు ఎదురవుతుంది. చతురస్రం 90 డిగ్రీలు తిరిగితే మళ్ళీ మొదటిలాగే కనిపిస్తుంది కాబట్టి 45 దాటాక ఎంత తిప్పినా అది ఇంకా ఒరిగినట్టు ఉండదు, పైగా సర్దుకుంటున్నట్టు ఉంటుంది. అందుకని ఇక్కడి నుంచి సూదిని గడి మధ్య నుంచి మరో పాచిక చెప్పినన్ని మిల్లీమీటర్లు పక్కకు జరపండి. నీస్ కూడా చతురస్రాలను తిప్పి ఊరుకోలేదు, చోటు నుంచి కదిలించాడు. పడిన అంకెలను, బొమ్మాబొరుసులను కాగితం వెనుక వరుసగా రాసుకోవడం మరవకండి. ఆ పట్టీ ఉంటే ఎవరైనా ఇదే బొమ్మను తిరిగి గీయగలరు.

ఇప్పుడు కృత్రిమ మేధ బొమ్మల సంగతి. ఇక్కడ నియమాన్ని ఎవరూ రాయరు. ఒక బొమ్మ మీద కొద్దికొద్దిగా చుక్కల రొద (నాయిస్, అంటే అడ్డదిడ్డంగా పడిన చుక్కలు) చల్లి, చల్లిన రొద ఏదో కనిపెట్టమని యంత్రానికి కోట్లసార్లు పరీక్ష పెడతారు. అందులో ఆరితేరాక, అసలు బొమ్మే లేని ఉత్త రొదను దాని ముందుంచితే, మనమిచ్చిన వాక్యానికి తగినట్టు ఇరవై ముప్ఫై అంచెల్లో రొదను తీసివేస్తూ బొమ్మను తేలుస్తుంది. 2022 ఆగస్టులో వచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్ ఈ పద్ధతిదే. వెబ్ నుంచి పోగుచేసిన, 585 కోట్ల బొమ్మ–వివరణ జతలున్న లయాన్ 5బి సంచయంలోని కొంత భాగంతో దానికి శిక్షణ ఇచ్చారు. ఆ బొమ్మలు గీసినవారిని అడగకుండానే వాడుకున్నారన్న అభ్యంతరం న్యాయమైనదేనని నా అభిప్రాయం.

ఆ తొలి రొద కూడా పాచికల పట్టీ వంటిదే. దానిని నిర్ణయించే సంఖ్యను సీడ్ అంటారు. అదే యంత్రంలో వాక్యం, సీడ్, మిగతా అమరికలు మారకుంటే బొమ్మ కూడా మారదు.

తేడా ఎక్కడుందో చూడాలని, మన 37 చుక్కల ముగ్గునే వేయమని అటువంటి ఒక యంత్రాన్ని అడిగాను. దూరం నుంచి చక్కగానే ఉంది. మా మేనత్త ఫోను దగ్గరకు పెట్టుకుని వేలితో లెక్కపెట్టి, "ఒక వరుసలో ఎనిమిది, కింద ఆరున్నర. ఈ గీత ఎక్కడికి పోయిందిరా?" అని అడిగింది. యంత్రం వేల ముగ్గుల పోలికను పట్టింది కాని, గీత బయలుదేరిన చోటికి రావాలన్న షరతు దానికెవరూ చెప్పలేదు.

వచ్చే పాఠానికి అభ్యాసం: 'షాటర్' బొమ్మను వేర్వేరు పాచికల పట్టీలతో రెండుసార్లు గీసి, వాటిలో ఒకటి ఎంచుకుని, ఎందుకు ఎంచుకున్నారో రెండు వాక్యాలలో రాసి ఉంచండి.