అక్టోబరు తుఫానులకు ముందు: సైకెడెలిక్ చికిత్స గురించి విన్నవారికి కొన్ని జాగ్రత్తలు

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల తెలుగు కుటుంబాలకు అక్టోబరు భయం పుట్టించే నెల. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. 2018లో అదే నెలలో తిత్లీ వచ్చినప్పుడు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఇన్నేళ్లు గడిచినా, రేకుల కప్పు చప్పుడైతే చాలు ఒళ్లంతా చెమటలు పట్టేవారు, సరుగుడు తోటల హోరు వినబడితే రాత్రంతా తలుపు గడియ తడిమి చూసుకునేవారు మన మధ్య ఉన్నారు. ఇది పిరికితనం కాదు, ఘోరమైన ఆపదను చూసినవారిలో ఏళ్ల తరబడి మిగిలిపోయే పీటీఎస్‌డీ అనే జబ్బు కావచ్చు. దీనికి వైద్యం ఉంది. అయితే సూరత్‌లోనో హైదరాబాదులోనో పనిచేసే పిల్లలు, స్పృహను, మనోభావాలను మార్చే సైకెడెలిక్ మందు ఒక్క మాత్రతో ఈ భయం పోతుందని చెప్పే వీడియోలను ఇంటికి పంపుతున్నారు కనుక, ఆ మాటలో ఎంత నిజముందో తుఫానుల కాలం రాకముందే తెలుసుకోవడం అవసరం.

వీటిలో ఎండీఎంఏ అనే మందును మాటల చికిత్సతో కలిపి అమెరికా తదితర దేశాల్లో పరీక్షించిన మాట నిజమే. 2021లో వెలువడిన ఒక అధ్యయనంలో 90 మంది పాల్గొనగా, మందు తీసుకున్నవారిలో 67 శాతం మందికి, ఉత్తుత్తి మాత్రతో అదే మాటల చికిత్స పొందినవారిలో 32 శాతం మందికి చివరకు పీటీఎస్‌డీ లక్షణాలు నిర్ధారణ స్థాయిలో మిగలలేదు. రెండో అంకెను కూడా గమనించాలని నా మనవి, ఎందుకంటే మాటల చికిత్స ఒక్కటే అంతమందికి మేలు చేసింది. మందు ఇచ్చిన రోజున శిక్షణ పొందిన ఇద్దరు చికిత్సకులు సుమారు ఎనిమిది గంటలు రోగి పక్కనే ఉన్నారు, ముందూ వెనుకా మందు లేకుండా అనేక సమావేశాలు జరిపారు. ఆస్ట్రేలియా 2023 జులై నుంచి ప్రత్యేక అనుమతి ఉన్న మనోవైద్యులకు ఈ చికిత్స చేసే వీలు కల్పించింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మాత్రం 2024 ఆగస్టులో అనుమతి నిరాకరించి, మరో పెద్ద పరీక్ష జరపమని కోరింది.

మన దేశంలో పీటీఎస్‌డీకి ఈ చికిత్సకు అనుమతి లేదు. ఎండీఎంఏ, ఎల్‌ఎస్‌డీ, కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే సైలోసైబిన్ మూడూ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. కనుక ఎవరైనా శిబిరమనో ధ్యానమనో పేరు పెట్టి వీటిని ఇస్తామంటే వెళ్లకండి. ఆ మాత్రలో నిజంగా ఏముందో ఇచ్చేవారికీ తెలియకపోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త, ఇప్పుడు వాడుతున్న మందులను సొంతంగా ఆపకపోవడం. దిగులుకు, భయానికి ఇచ్చే సెర్ట్రలీన్ వంటి మందులు ఎండీఎంఏ ప్రభావాన్ని తగ్గిస్తాయని ఎక్కడో చదివి, వాటిని ఒక్కసారిగా మానేస్తే తల తిరగడం, చిరాకు, నిద్రలేమి మొదలై పాత భయం రెట్టింపుగా తిరిగి రావచ్చు. బైపోలార్ జబ్బుకు ఇచ్చే లిథియం వాడేవారు సైలోసైబిన్ తీసుకుంటే మూర్ఛ వచ్చే ప్రమాదముంది. ఎండీఎంఏ గుండె వేగాన్ని, రక్తపోటును, ఒంటి వేడిని పెంచుతుంది. మన తీరపు ఉక్కపోతలో ఇది మరింత అపాయం, పైగా దాహమని అదే పనిగా నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రీనియా గానీ బైపోలార్ జబ్బు (మనసు అతి ఉత్సాహానికీ, అతి దిగులుకూ మారుతుండే జబ్బు) గానీ ఉంటే ఈ మందుల జోలికే పోకూడదు. వానాకాలంలో కొండల నుంచి తెచ్చే తెలియని పుట్టగొడుగులను, ఉమ్మెత్త గింజలను మందుగా ప్రయత్నించడం ప్రాణాంతకం. విషపు పుట్టగొడుగుల్లో కొన్నింటి లక్షణాలు ఆరు గంటలు దాటాక గానీ బయటపడవు, అప్పటికే కాలేయం దెబ్బతినడం మొదలవుతుంది.

మత్తులో ఉన్న మనిషి ఎదుటివారు చెప్పినదానికల్లా తలూపే స్థితిలో ఉంటారు. కెనడాలో ఒక పరిశోధనలోనే చికిత్సకులు రోగితో అనుచితంగా ప్రవర్తించిన ఉదంతం బయటపడిందంటే, ఏ పర్యవేక్షణా లేని చోట స్త్రీలకు ఎంత అపాయమో ఊహించండి.

అందుబాటులో ఉన్న వైద్యాన్ని సెప్టెంబరులోనే మొదలుపెట్టండి. బరంపురంలోని ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మనోవైద్య విభాగం ఉంది. బజారులో ఒడియా ధారాళంగా మాట్లాడే పెద్దవారు సైతం ఆ తుఫాను రాత్రి సంగతి చెప్పేటప్పుడు తెలుగులోకి వచ్చేస్తారు కాబట్టి, తోడుగా వెళ్లేవారు రెండు భాషలూ తెలిసినవారైతే మంచిది. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగు ఎంచుకోవచ్చు. గాయపు జ్ఞాపకాన్ని నెమ్మదిగా ఎదుర్కోవడం నేర్పే మాటల చికిత్సలు, కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలచుకునే ఈఎండీఆర్ చికిత్స, సెర్ట్రలీన్, పారాక్సిటీన్ మందులు పీటీఎస్‌డీలో పనిచేస్తాయని తేలినవే.

దారులు తెగిపోయే అవకాశం ఉంది కనుక నెలకు సరిపడా మందులు ముందే తెచ్చి, వైద్యుని చీటీతో సహా ప్లాస్టిక్ సంచిలో ఆధార్ కార్డు పక్కనే ఉంచండి. ఆశ్రయ కేంద్రానికి వెళ్లేటప్పుడు ఆ సంచి వెంట ఉండాలి. భయం తగ్గడానికని సారా తాగనివ్వకండి. వాతావరణ హెచ్చరికను ఉదయం, సాయంత్రం ఒకరు చూసి చెబితే చాలు, రోజంతా తుఫాను వీడియోలు పెట్టుకోవద్దు. ఎవరైనా చచ్చిపోవాలని ఉందని అంటే ఒంటరిగా వదలకుండా, 108కి ఫోన్ చేసి ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.