నారుకు ముందే ఎండ అలవాటు చేయండి
పాలీహౌస్‌లో పెంచిన మిరప, టమాటా నారును తెచ్చి నేరుగా పొలంలో నాటితే కొన్నిసార్లు ఆకులు తెల్లగా పాలిపోతాయి. తెగులనుకుని మందు కొట్టడం దండగ. పైన కప్పిన షీటు అతినీలలోహిత (యూవీ) కిరణాలను చాలావరకు ఆపేస్తుంది. ఆ కిరణాలు తగిలితే మొక్క ఆకు పైపొరలో ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలను ఎక్కువగా తయారుచేసుకుంటుంది. యూవీని పీల్చుకుని లోపలి కణాలను కాపాడేవి అవే. నీడలో పెరిగిన నారుకు ఆ కవచం పలచన.

అందుకే నాటే ముందు వారం, పది రోజులు ట్రేలను బయట పెట్టండి. మొదట పొద్దుటి ఎండలో గంటో రెండు గంటలో, తర్వాత రోజూ కాస్త పెంచాలి. మబ్బు పట్టినా లోపలికి తీయొద్దు, యూవీ కొంత వస్తూనే ఉంటుంది. టమాటా కాడలు కాస్త ఊదారంగుకు తిరిగితే కంగారు పడకండి. ఆకుల అడుగు కూడా ఊదాగా మారితే మాత్రం భాస్వరం లోపం ఉందేమో చూడాలి. నాటడం సాయంత్రం పూట పెట్టుకోండి.